తలుపు మీది చుక్క

“ఆ చుక్క ఇవ్వడం కుదరదు తాతా. అసలది చుక్కే కాదు,” అంది లీడరు పిల్ల.

మూతపడ్డ స్కూలు ప్లానెటేరియం బాగుచేయించడానికి పిల్లలు చుక్కలకు దాతల పేర్లు పెట్టి చందాలు పోగుచేస్తున్నారు. గది మధ్యలో చిల్లుల రేకు బంతి, అందులో బల్బు. ఒక్కో చిల్లు కప్పు మీద ఒక్కో చుక్క. తాత అడిగిన తలుపు మీది చుక్క మాత్రం నక్షత్రాల పటంలో లేదు.

“ఎవడో బుద్ధిలేనివాడు పొడిచిన చిల్లు. ఇప్పుడే పూడ్చేస్తా,” అంటూ మైనం ముద్ద నలిపింది.

“పొడిచింది నేనే,” అన్నాడు ఒకప్పుడు అక్కడ అటెండరుగా చేసిన ఆ ముసలాయన.

“నువ్వా? ఎందుకు?”

“చాలా ఏళ్ల కిందట షో అయ్యాక ఒక రెండో తరగతి పాప చివరి వరసలో నిద్రపోయింది. నేను చూసుకోకుండా తాళం వేసేశాను. రెండు రోజులు ఊరంతా వెతికారు. ప్లానెటేరియంలో చూశావా అని నన్నడిగారు. చూడకుండానే చూశానన్నాను.”

పిల్ల మైనం నలపడం ఆపింది.

“తలుపు తీసేసరికి ఆలస్యమైపోయింది. గోడ చుట్టూ చిన్న చిన్న చేతుల మరకలు. చీకట్లో దారి దొరకలేదమ్మా దానికి. ఆ తర్వాత స్కూలువాళ్లు గది మూసేశాక, తలుపు మీద వెలుగు పడేలా ఈ చిల్లు పెట్టాను. రిటైరయ్యేదాకా రోజూ కాసేపు బల్బు వెలిగించేవాణ్ణి.”

“మూసేసిన గదిలో ఎవరికోసం తాతా?”

అతను చందా కవరు ఆమె చేతిలో పెట్టాడు. “పేరు రాయొద్దు. పూడ్చకండి, చాలు.”

సాయంత్రం తాళం వేయబోతూ ఆ పిల్ల ఆగింది. లోపలికెళ్లి ప్రతి కుర్చీ కిందా వెతికింది. ఎవరూ లేరు.

బల్బు ఆర్పకుండానే బయటికొచ్చింది. తలుపు దగ్గరికి వేసింది. తాళం మాత్రం వేయలేదు.