చిట్లిన పలక

"బొక్క పెద్దది చెయ్యమంటే పూడ్చిపెడతుండావా సాయిబూ?"

ఆ మాటతోపాటే పోలేరయ్య చెయ్యి లేచింది. అమీర్ బాషా చెంప పేలిపోయింది. షెడ్డు గోడకు కొట్టుకుని కింద పడ్డాడు. నోరంతా నెత్తురు.

బల్ల మీద దొర గంగాధరం కారుకు సంబంధించిన మందపాటి ప్లాస్టిక్ పలక ఉంది. వెనక సీటు పైన బిగించేది. మద్రాసు నుంచి తెప్పించిన కొత్త రేడియో స్పీకరు దాని పాత రంధ్రంలో పట్టలేదు. పెద్దది చెయ్యమని పొద్దున గంగాధరం స్వయంగా ముత్తుకూరులోని బాషా షెడ్డుకు తెచ్చి ఇచ్చాడు. పోతూ పోతూ తన మనిషి పోలేరయ్యను కాపలా పెట్టి ఒక మాటన్నాడు. "పలక చిట్లిందనుకో, చిట్లగొట్టినోడికి ఒక చేతికి వేళ్లనేవి మిగలకూడదు."

పోలేరయ్య సంగతి ఆ చుట్టుపక్కల తెలియనివాడు లేడు. దొర రెండు తన్నమంటే రెండే తంతాడు. మూడోది తన్నడు, ఒకదానితో ఆపడు. సొంత బావమరిది కాలు విరిచినప్పుడూ అంతే.

"పూడ్చడం కాదన్నా," అన్నాడు బాషా లేస్తూ. "గుండ్రంగా కోసే బర్మాకు నడిమధ్య ములుకు నిలవాల. ఈడ ఉండేది ఖాళీయే గదా. అందుకే కొయ్యముక్క దిగ్గొట్టినాను. ములుకు దాని మీద ఆనించి..."

"నాకు కతలు చెప్పబాక. దొర పని చెడగొట్టాలనే గదా నీ యవ్వారం."

"సుత్తి ముట్టుకోబాకన్నా. దాన్ని నిదానంగా..."

పోలేరయ్య మోచేత్తో బాషా రొమ్ములో పొడిచి, సుత్తి అందుకుని కొయ్యముక్క మీద ఒక్కటేశాడు. టప్పుమంది. కొయ్య ఊడి కింద పడింది. పలక రెండు ముక్కలైంది.

ఇద్దరూ దానివంకే చూస్తూ నిలబడ్డారు. అంతలో బయట జీపు ఆగింది.

గంగాధరం లోపలికి వచ్చి ముక్కలు చూశాడు. ముఖం కందగడ్డ అయింది. "నేనేం చెప్పి పోయినాను పోలేరా?"

"గ్యాపకం ఉంది దొరా."

"నేను కాదయ్యా," అన్నాడు బాషా. 'నీ మనిషే' అందామంటే సుత్తి ఆ మనిషి చేతిలోనే ఉంది.

"పనోళ్లందరూ ఆ మాటే అంటారు. కానియ్ పోలేరా."

పోలేరయ్య బాషా మెడ పట్టుకుని పక్కకు ఈడ్చాడు. బాషాకు వేళ్లే అన్నం. అవి పోతే పెళ్లాం షాహిదాబీ, పిల్లలు ఏం తిని బతుకుతారు? రెండు చేతులూ చంకల్లో దాచుకుని, కళ్లు గట్టిగా మూసుకుని అల్లాను తలుచుకున్నాడు. సుత్తి పడింది. ఎముకలు నలిగిన చప్పుడుకు కెవ్వుమన్నాడు. మళ్లీ పడింది. మళ్లీ కెవ్వుమన్నాడు.

నొప్పి మాత్రం తెలియలేదు. చేతులు ఇంకా చంకల్లోనే ఉన్నాయి. మెల్లగా కళ్లు తెరిచాడు.

బల్ల మీద నెత్తురులో పోలేరయ్య ఎడమచెయ్యి పరిచి ఉంది.

"ఇంకా బొటనేలు మిగిలుండాది దొరా," అంటూ పోలేరయ్య సుత్తి మళ్లీ ఎత్తాడు.