నోరు విప్పని వాయిదాలు

కోర్టు వరండాలో ఒక ముసలాయన వచ్చి తేజస్ పక్కన కూర్చున్నాడు.

"ఏ ఊరప్పా నీది?"

తేజస్ తల పక్కకు తిప్పుకున్నాడు.

కోర్టు దగ్గర ఎవరితోనూ నోరు విప్పొద్దని లాయర్ మోహన్‌కుమార్ గట్టిగా చెప్పి ఉన్నాడు. కేసంతా తేజస్ గొంతు మీదే నడుస్తోంది.

తేజస్ ఒక కంపెనీ మహదేవపుర ఆఫీసులో లిఫ్టు మెకానిక్. అతన్ని పనిలోంచి తీసేసిన వారానికి, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఆ కంపెనీ హెడ్డాఫీసుకు బాంబు పెట్టామని ఫోనొచ్చింది. కాల్ రికార్డయింది. అది తేజస్ గొంతేనని, పోలీసులు రికార్డు చేసిన అతని గొంతుతో తొంభై నాలుగు శాతం సరిపోయిందని ఏఐ సాఫ్ట్‌వేర్ తేల్చింది. పోలీసులు ఆ రిపోర్టునే సాక్ష్యంగా పెట్టారు.

ఆ ఫోను తను చేయలేదని ఎన్నిసార్లు చెప్పుకున్నా, చెప్పుకోవలసింది ఆ గొంతుతోనే.

రెండు నెలలు జైల్లో ఉండి బెయిల్ మీద వచ్చాక ఇంట్లోనూ మాటలు తగ్గిపోయాయి. ఫోను మోగితే భార్య సుమ ఎత్తేది.

తర్వాతి వాయిదాకూ ముసలాయన వచ్చాడు. మెట్లెక్కిన ఆయాసం తగ్గేదాకా ఆగి, మెల్లగా అడిగాడు.

"ఒక్క మాట మాట్లాడప్పా. ఏమన్నా సరే. నీ మంచికే అడుగుతుండాను."

మీరెవరని అడగాలనిపించింది తేజస్‌కు. అడిగితే అదీ మాటే అవుతుంది. లేచి వెళ్లి లాయర్‌ను పిలుచుకొచ్చాడు.

ఎవరు నువ్వని లాయర్ నిలదీశాడు.

"అది నేను చెప్పేట్ల లేదు సార్."

మళ్లీ గొంతు రికార్డు చేసుకోవడానికి పోలీసులు పంపిన మనిషేనని లాయర్‌కు అనుమానం వచ్చింది. ఇంకోసారి దగ్గరికొస్తే జడ్జిగారికి ఫిర్యాదు చేస్తానన్నాడు.

ముసలాయన కాసేపు తేజస్ ముఖంలోకి చూశాడు. తర్వాత గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్లిపోయాడు.

మూడో వాయిదాకు రాలేదు. తేజస్ ఊపిరి పీల్చుకున్నాడు.

సాక్షుల విచారణ మొదలైన రోజు ప్రాసిక్యూటర్ లేచి, తమ మొదటి సాక్షి పోయిన నెల గుండెజబ్బుతో చనిపోయాడని చెప్పాడు. సాఫ్ట్‌వేర్ రిపోర్టు ఉంది కాబట్టి కేసుకు లోటేమీ లేదన్నాడు. జడ్జి సరేనని రాసుకున్నారు.

లాయర్ ఫైలు తిరగేసి, ఆ సాక్షి ఐడీ కార్డు జిరాక్స్ దగ్గర ఆగిపోయాడు. దాన్ని తేజస్ ముందుకు జరిపాడు.

వరండాలో చూసిన ముఖమే. చిక్కమునియప్ప, హెడ్డాఫీసు టెలిఫోన్ ఆపరేటర్.

ఆ బెదిరింపు ఫోను ఎత్తి, అవతలివాడి గొంతును చెవులారా విన్న మనిషి ఆయనొక్కడే.