కనీసం ఇది ఉంటే చాలు

"ముందు ఆ చెయ్యి తియ్యండి."

కంప్యూటర్ల షాపు ఓనరు కౌంటరు మీంచి వంగి మరీ అన్నాడు. నమూనాకి పెట్టిన కంప్యూటరు పక్కమూతను విప్పబోతున్న కళ్లద్దాల మనిషి, కాలిన పెనం తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

ఈ కళ్లద్దాలాయన కొన్నాళ్లుగా రోజూ వస్తున్నాడు. కొనడు, బేరమాడడు, పొమ్మన్నా పోడు. ఆ ఒక్క కంప్యూటరు ముందే గొంతుక్కూర్చుంటాడు. ర్యామ్ ఎంత, గ్రాఫిక్స్ కార్డు ఏది అని అడిగిందే అడుగుతాడు. చివరికి మాత్రం ఎప్పుడూ ఒకటే సందేహం. గేమ్ కంపెనీ వాళ్లు కనీసం ఉండాలన్నవే ఇందులో ఉన్నాయా, అంతకన్నా ఏదీ ఎక్కువ పెట్టలేదు కదా అని.

పెట్టలేదు. ఓనరు తెలివంతా అక్కడే ఉంది. చిన్నప్పుడు అందరూ నిద్రాహారాలు మాని ఆడిన కోట ఆట ఇప్పుడు కొత్త బొమ్మలతో, కొత్త హంగులతో మళ్లీ వస్తోంది. దాన్ని ఆడటానికి కంప్యూటర్లో కనీసం ఏమేం ఉంటే చాలో ఆ కంపెనీ ప్రకటించిందో లేదో, ఓనరు అచ్చంగా ఆ కొలతకే కంప్యూటర్లు బిగించి అమ్మకం మొదలుపెట్టాడు. చవగ్గా వస్తుంటే జనం ఊరుకుంటారా? ఎగబడ్డారు. ఆట నడవకపోతే కంప్యూటరు వెనక్కి తీసుకుంటానని ఓనరు గుమ్మానికి బోర్డు కూడా కట్టాడు. ఇప్పుడు ఆ వీధిలో సగం ఇళ్లలో ఈయన బిగించినవే. రేపు అవి మొరాయించాయంటే కొన్నవాళ్లందరూ కట్టగట్టుకుని వస్తారు, షాపు మూసుకుని రోడ్డున పడాల్సిందే. అంత పూచీ దేనికని భార్య నెత్తీ నోరూ కొట్టుకుంటే, ఆట తయారుచేసినవాళ్లకు తెలియదా ఏది సరిపోతుందో అని కొట్టిపారేశాడు.

అలాంటిది, ఈ మనిషి వచ్చి సరిగ్గా ఆ కంప్యూటరు చుట్టూనే తిరగడమేమిటి? వీధి చివరి పెద్ద షాపువాడు పంపి ఉంటాడని ఓనరు అనుమానం. లోపల ఒక వైరు పీకి, ఈ షాపు సరుకంతా ఇంతేనని ఊరంతా టముకు వేయిస్తాడు. భార్య అంతదూరం ఆలోచించలేదు. ఆ చూపులు చూస్తేనే తెలియడం లేదూ, ఉత్త దొంగ అని తేల్చేసింది. అనుమానం పెనుభూతమంటారు. ఆ భూతం వాళ్లిద్దరి మధ్యా పీట వేసుకుని కూర్చుంది, రాత్రి భోజనాల దగ్గర కూడా ఇదే మాట.

ఇవాళ ఏకంగా మూత మీదే చెయ్యి వేశాడు, పైగా భుజాన ఓ సంచి. భార్య చప్పుడు చెయ్యకుండా వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"సంచిలో ఏముందో బయటపెట్టండి," అన్నాడు ఓనరు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన సంచిని గట్టిగా గుండెకి హత్తుకున్నాడు. ఓనరు ఫోను తీసి పోలీసులకు చేస్తానన్నాక, సంచిలోంచి అరచేతిలో పట్టేంత హార్డ్ డిస్కు ఒకటి తీసి కౌంటరు మీద పెట్టాడు.

"నే చెప్పలేదుటండీ? వైరస్సు ఎక్కించడానికి వచ్చాడు," అంది భార్య. ఈసారి ఇద్దరి అనుమానాలూ ఒక్కటయ్యాయి.

"ఎవరు పంపారు మిమ్మల్ని?"

"ఎవరూ పంపలేదండీ. ఎవరికీ చెప్పకుండా వచ్చాను."

ఆ జవాబుతో ఓనరు ఒళ్లు మండింది. ఫోనులో అంకెలు నొక్కబోతుంటే ఆయన గబగబా జేబులోంచి గుర్తింపు కార్డు తీసి ముందుకు తోశాడు. ఓనరు చదివాడు, నమ్మకం కుదరక భార్య చేత కూడా చదివించాడు. ఫొటో ఆయనదే. కింద ఉన్నది కోట ఆట తయారుచేస్తున్న కంపెనీ పేరు.

ఓనరు గుండెల మీంచి బండ దిగింది. కుర్చీ తుడిచి వేశాడు. భార్య మంచినీళ్లు తెచ్చిపెట్టి, ఏదో తెలియక నోరు జారానంది. మీ మాట నమ్మే ఇంతమందికి పూచీ పడ్డానని, మీలాంటివాళ్లు వెతుక్కుంటూ మా షాపుకి రావడం మా అదృష్టమని ఓనరు పొంగిపోయాడు. ఆ పెద్ద షాపువాడికి ఈ సంగతి తెలిస్తే కుళ్లి చస్తాడని మనసులో అనుకున్నాడు కూడా.

ఆయన మాత్రం నీళ్ల గ్లాసు ముట్టుకోలేదు. ఈ డిస్కులో ఆట ఉందని, అభ్యంతరం లేకపోతే ఈ కంప్యూటర్లో ఒక్కసారి వేసి చూస్తానని మెల్లగా అడిగాడు.

"వచ్చే వారం కదండీ విడుదల? అందరికన్నా ముందు మా షాపులోనా! భలేవారే, వెయ్యండి," అంటూ ఓనరు తనే డిస్కు తగిలించే వైరు అందించాడు. అంతలో ఏదో తట్టి చెయ్యి ఆపాడు. "అవునుగానీ, మీ ఆఫీసులో అన్ని కంప్యూటర్లుండగా ఇక్కడెందుకండీ?"

ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"మా దగ్గరన్నీ పెద్ద మెషీన్లేనండీ, ఇంత చిన్నది ఒక్కటీ లేదు. కనీసం ఇవి ఉంటే చాలని అందాజుగా రాసింది నేనే, నడుస్తుందో లేదో మేమూ ఇంతవరకు చూడలేదు."