కదలని గుడ్లగూబ

చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా మా ఆయన కెమెరా దించలేదు. అడవిబాటలో గైడు చూపించిన కొమ్మ మీద గుడ్లగూబ, అంతమందిమి దగ్గరికెళ్లినా ఎగరకుండా కూర్చుంది.

నేను బైనాక్యులర్స్‌లో చూశాను. దాని కాలికి సన్నటి గాలం దారం కట్టి, కొమ్మకు ముడేశారు.

"ఛీ! దాన్ని కట్టేశారండీ!"

"మెల్లగా అనవే, పక్కవాళ్లు వింటారు," అన్నారాయన, కెమెరా లోంచి కన్ను తియ్యకుండానే. "దారానికి అంత కంగారెందుకు? ఇంటికెళ్లాక కంప్యూటర్లో చెరిపేస్తాగా, ఎప్పటిలాగే."

మా హాల్లో సోఫా పైన, ఆయనకు బహుమతి తెచ్చిపెట్టిన గుడ్లగూబ ఫొటో ఉంది. "మా ఆయనంటే పిట్టలకు కూడా భయముండదు" అని ఇంటికొచ్చినవాళ్లందరికీ టీ ఇచ్చి మరీ చెప్పుకునేదాన్ని.