ఇరవై ముద్రలు

భర్త నోటి దగ్గరికి ముక్కు తెచ్చి ఒక్కసారి పీల్చి, టైలరు భార్య అతని ఆసుపత్రి కార్డును కుట్టు మిషను మీద పెట్టింది.

"ఇరవై సిట్టింగులు, ఇరవై ముద్రలు. మరి ఈ కంపేమిటి?"

తల మీద అయస్కాంతపు తీగచుట్ట ఆనించి, మెదడును టకటకా తట్టి, తాగాలనే యావను చంపే వైద్యం అది. గుణం కనిపించడానికి ఇంకాస్త టైం పడుతుందట అని టైలరు మెడలో టేపు సర్దుకుంటూ నసిగాడు.

ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. "రేపు కూడా ఈ వాసనొస్తే పిల్లను తీసుకుని మా అన్నయ్య దగ్గరికి వెళ్లిపోతాను. మళ్లీ రాను," అని లోపలికి పోయింది.

అసలు సంగతేమిటంటే, ఈ టైలరు మహానుభావుడు ఆ వైద్యం కుర్చీలో ఒక్కరోజు కూడా కూర్చోలేదు. మెదడు జోలికొస్తారనగానే ముచ్చెమటలు పట్టి, తాగుడు నేస్తం పెయింటరుకు సిట్టింగుకో సీసా ఒప్పుకుని, తన కార్డిచ్చి పంపాడు. కార్డు మీద ఫోటో ఉండదు. పేరు పిలిస్తే పలకడం, లేచేటప్పుడు ముద్ర వేయించుకోవడం, అంతే.

వాడికి నయమైతే తనూ వెళ్లి బుద్ధిగా కూర్చుందామని వెతుక్కుంటూ బయల్దేరాడు. ఆ చుట్టుపక్కల ఉన్న ఒక్కగానొక్క బ్రాందీ దుకాణం ముందు, పెయింటరు నిచ్చెనెక్కి బోర్డుకు తెల్లరంగు కొడుతున్నాడు. జేబులోంచి సీసా మూతి తొంగిచూస్తోంది.

"అయితే నువ్వూ మానలేదన్నమాట. ఆ మిషను ఉత్త బూటకం," అన్నాడు టైలరు.

"మిషన్నేమీ అనకు బావా. నాకూ భయమేసి ఆ కార్డు ఇంకొకరికిచ్చా. పాపం, నన్ను బతిమాలి తీసుకున్నాడు. ఆయనా సిట్టింగుకో సీసా ఇచ్చాడు."

రెండువైపులా మేసిన ఆ ఘనుణ్ని తిట్టే ఓపిక కూడా టైలరుకు లేకపోయింది. ఎవరాయన అని మాత్రం అడిగాడు. పెయింటరు కుంచెతో కిందికి చూపించాడు.

ముక్కుకు తువ్వాలు బిగించుకుని, చివరి సీసాల పెట్టెను చెత్తబండిలోకి ఎత్తేసిన దుకాణం యజమాని, టైలరును చూడగానే రెండు చేతులూ జోడించాడు.

"నీ కార్డు పుణ్యమా అని బతికిపోయానయ్యా. ఇప్పుడు ఆ వాసనంటేనే కడుపులో తిప్పుతోంది. రేపట్నుంచి ఇక్కడ పాలు తప్ప ఇంకేం దొరకవు. పొద్దున్నే రా, బోణీ నీదే."