కొళాయి ఎలా కారాలంటే

"అత్తయ్యగారూ, మీరేడుస్తుంటే నవ్వొస్తోంది. కాస్త వణుకు పుట్టేలా ఏడవండి," అంది మేడమీది పిన్నిగారు.

టైలరు అత్తగారికి రోషం వచ్చింది. "నా ఏడుపుకి ఇంతవరకూ ఎవరూ వంక పెట్టలేదు. కావాలంటే మా అల్లుణ్ణి అడుగు."

టైలరు కుట్టుమిషను వెనక తల దాచుకున్నాడు.

ఆ మూడంతస్తుల ఇంటి ఓనరు అప్పు ఎగ్గొట్టి మాయమయ్యాడు. బ్యాంకు ఇంటిని వేలానికి పెట్టింది. ఎవరు కొన్నా ముందు చేసే పని, ఆరు కాపురాల్నీ వీధిలోకి నెట్టి ఇంటిని లాడ్జి చెయ్యడం. తలుపుకి అంటించిన నోటీసులో ఒక్కటే ఆశ. వేలంలో ఎవరూ పాడకపోతే, ప్రభుత్వ ఇళ్ల శాఖ ఆ ఇల్లు తీసుకుని, ఉన్నవాళ్లని పాత అద్దెకే ఉండనిస్తుందట.

అంటే, చూడ్డానికొచ్చిన ప్రతివాడూ తిరిగి చూడకుండా పారిపోవాలి.

ఆ బాధ్యత పిన్నిగారు నెత్తినేసుకుంది. పై గదిలో దిగి పదిరోజులైనా కాలేదు, అందరికీ తలలో నాలుకైపోయింది. పొద్దున్నే క్యారియరుతో పనికెళ్లేది. సాయంత్రం అందరిళ్లలోకీ వచ్చి, గోడలు తట్టి చూసి, "గట్టివే," అని మురిసిపోయేది.

కొళాయికి కూడా ఆవిడే పాఠం చెప్పింది. "ధారగా కారితే బాగుచేయించుకుందాం అనుకుంటారు. టప్... టప్ మనాలి. పిచ్చెక్కాలి."

ఆదివారం మొదట ఒక బట్టలకొట్టాయన వచ్చాడు. అత్తగారి శోకానికి గుమ్మంలోంచే వెనక్కి తిరిగాడు. తర్వాత ఒక జంట వచ్చింది. మొదటి అంతస్తులో బ్యాండుమేళం బాబాయి ట్రంపెట్ అందుకున్నాడు. వాళ్ల మాట వాళ్లకే వినపడక, చెవులు మూసుకుని దిగిపోయారు.

మూడో మనిషి నెమ్మదస్తుడు. కళ్లజోడు, చేతిలో ఫైలు, జేబులో రెండు పెన్నులు. "ఎన్ని కుటుంబాలుంటున్నాయండీ? నీళ్లు సరిగ్గా వస్తాయా?" అని మర్యాదగా అడిగాడు.

అత్తగారు జుట్టు విరబోసుకుని మెట్లమీద ప్రత్యక్షమైంది. "నా గదిలోకొస్తావురా?"

ఆయన పారిపోతుంటే చేతిలో ఫైలు మిగిలింది గానీ, ఒక చెప్పు మెట్లమీదే ఉండిపోయింది.

అందరూ పడీపడీ నవ్వారు. టైలరు మాత్రం నవ్వలేదు. "కొనేవాడికి రెండు పెన్నులెందుకు? ఆయన ఇళ్ల శాఖ ఆఫీసరేమో!"

నవ్వులు ఠక్కున ఆగాయి.

"ఆఫీసరైతే ఏడుపుకి జడుస్తాడా? ఇంట్లో పెళ్లాముండదూ?" అంది అత్తగారు. గొంతులో పస లేదు.

వేలం రోజు ఆరు కాపురాలూ హాల్లో గోడకి ఆనుకుని నిలబడ్డాయి. కళ్లజోడాయన వచ్చాడు. కొనేవాళ్ల వరసలో కూర్చున్నాడు. అత్తగారిని చూడగానే రెండు చేతులూ తొడల కింద పెట్టేసుకున్నాడు. ఎవరూ పాడలేదు.

టైలరు ఊపిరి పీల్చుకున్నాడో లేదో, బ్యాంకు గుమాస్తా గడియారం చూశాడు. 'ఇళ్ల శాఖ' అని అట్ట పెట్టిన కుర్చీ ఖాళీగా ఉంది.

"అయిదు నిమిషాల్లో ఆఫీసరు రాకపోతే మళ్లీ వేలమే."

"మళ్లీ ఏడవాలంటే నా గొంతు పోయిందిరా అల్లుడూ," అంది అత్తగారు.

అప్పుడు తలుపు తోసుకుని, ఆయాసపడుతూ, మెడలో ప్రభుత్వం కార్డు సరిచేసుకుంటూ వచ్చి, క్యారియరు బల్లమీద పెట్టి ఆ కుర్చీలో కూర్చుంది మేడమీది పిన్నిగారు.