మెత్తని ట్రిగ్గర్

ఊళ్లు తిరుగుతూ తుపాకులు బాగుచేసే ముసలాయన ఒకడు వేటగాళ్ల బసకొచ్చి, విన్కో చేతిలోని తుపాకీని అడిగి తీసుకున్నాడు. తూటా లేదని చూసుకుని, బోల్టు లాగి మూసి, తుపాకీ మడమను నేలకేసి మెల్లగా తట్టాడు.

టక్కుమంది.

బసలో అందరూ అటు తిరిగారు.

“ట్రిగ్గర్ ఎవరూ ముట్టుకోలేదు, చూశారుగా? తూటా ఉంటే పేలేదే,” అన్నాడు ముసలాయన.

“మా నాన్న తుపాకీ తాతా అది! ఊపిరి తగిలితే చాలు. ఈ లోయలో ఇంత మెత్తని ట్రిగ్గర్ ఇంకోటి లేదు,” అన్నాడు విన్కో గర్వంగా.

“మెత్తదనం కాదు బాబూ. లోపల పిన్నును పట్టి ఉంచే కొక్కెం పల్చబడింది. రెండు రోజులివ్వు, కొత్తది చేసి పెడతాను.”

“రేపు పందుల వేట పెట్టుకుని రెండు రోజులా!”

వేట దళం పెద్ద స్తానె అడ్డొచ్చాడు. “అది బాగయ్యేదాకా నువ్వు తుపాకుల వరసలో నిలబడొద్దురా. రేపు కర్ర పుచ్చుకుని పొదలు కొట్టి పందుల్ని తోలు.”

మర్నాడు అడవంతా ఒకటే ఎగతాళి.

“ఏరా విన్కో, నీ కర్రకు కూడా మెత్తని ట్రిగ్గరేనా?”

ముసలాయన బస కిటికీ పక్కన కూర్చుని రెండు రోజులు కొత్త కొక్కేన్ని ఆకురాయితో అరగదీశాడు. పుల్లటి కాబేజీ పులుసు తాగాడు. కూలి వద్దన్నాడు.

మూడోనాడు విన్కో ట్రిగ్గర్ నొక్కి చూశాడు. వేలు ఒకచోట ఆగింది. మనసుకు చెప్పుకుని మరీ నొక్కాల్సి వచ్చింది.

ఇన్నేళ్లూ ఆ మెత్తదనంలో తండ్రి చేతినే తాకుతున్నానని విన్కోకు అప్పుడే తెలిసింది. అది పోయాకే తెలిసింది.

“పాడు చేశావు,” అన్నాడు. తాతా అని కూడా అనలేదు.

“అవును, అలాగే అనిపిస్తుంది,” అంటూ ముసలాయన సంచి సర్దుకున్నాడు.

నవంబరులో జింకలకు ఉప్పు పెట్టడానికి విన్కో భార్యతో కొండెక్కుతున్నాడు. ఉప్పు మూటతో మిలోయ్కా ముందు నడుస్తోంది. పొదల్లో పంది అలికిడయింది. విన్కో తూటా ఎక్కించాడు. అడుగు వేశాడు.

తడి ఆకుల మీద కాలు జారింది. తుపాకీ మడమ బండకు దబ్బున తగిలింది. గొట్టం మిలోయ్కా వీపుకు ఎదురుగా ఉంది.

పేలలేదు.

“పెళ్లినాడు డాన్సులోనూ ఇలాగే పడ్డావు కదయ్యా,” అని ఆమె వెనక్కి తిరక్కుండానే నవ్వింది.

విన్కోకు ఆమె ఎర్ర స్వెట్టరు అల్లిక ముడి ముడీ కనిపిస్తోంది. దాన్నే చూస్తూ ఆకుల్లో కూర్చుండిపోయాడు.

మర్నాడే ముసలాయన ఇల్లు ఆరా తీసి, తేనె సీసా పట్టుకుని పక్క లోయకు వెళ్లాడు. నల్ల గుడ్డ తలకు కట్టుకున్న పెద్దావిడ తలుపు తీసింది.

“ఆయన పోయి తొమ్మిది రోజులైంది బాబూ.”

విన్కో సీసా ఆమె చేతుల్లో పెట్టాడు. దారి పొడుగునా కూర్చుకున్న మాటలేవీ గుర్తు రాలేదు.

“కొక్కెం మార్పించుకున్న విన్కోనమ్మా. మా ఆవిడ ఇంట్లో క్షేమంగా ఉంది. నిన్న రాత్రి నాకు వండి పెట్టింది. ఆయనకు అది చెబుదామని వచ్చాను.”

ఆమెకు అర్థమైంది. అతని చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

“ఆరేళ్ల కిందట ఎక్కడో తుపాకీ ఒకటి దానంతటదే పేలి, ఓ ఇంటి దీపం ఆరిపోయిందని విన్నాడు. ఆ రోజే కొక్కేలు మార్చడానికి బయల్దేరాడు. నూట నలభై మూడు తుపాకులు బాబూ. మీదే ఆఖరిది.”

“మా తుపాకీ సంగతి ఆయనకెలా తెలుసమ్మా?”

“తెలియకేం? ట్రిగ్గర్ మెత్తగా కావాలని మీ నాన్నలాంటి వాళ్లంతా వచ్చి అడిగితే, వయసులో ఉన్నప్పుడు ఆ కొక్కేలన్నీ పల్చగా అరగదీసి ఇచ్చింది ఆయనే.”